అక్క చూపుకి చాలినన్ని చుక్కలు

"చూసిన మాటే మాయమైపోతోందే," అంది అక్క.

బందరులో మా ఇంటి పంచలో కూర్చుని ఉన్నాం ఇద్దరం. అక్కకి అప్పటికి పెళ్ళయి ఏడాది దాటింది. అవనిగడ్డ నుంచి నాలుగు రోజులుండి వెళ్దామని వచ్చింది. అద్దె పుస్తకాల షాపులో నేను తెచ్చిపెట్టిన నవల ఒళ్ళో ఉంది.

"మాయమవడమేంటి?"

"ఏ మాట మీద కన్ను పెడితే ఆ మాట ఉండట్లేదు. చుట్టుపక్కలవి ఉంటున్నాయి. సరే అని పక్కమాట మీదకి వెళ్తే అదీ పోతోంది."

నిద్ర చాల్లేదేమో అని నవ్వేశాను. అక్క నవ్వలేదు. పుస్తకాన్ని కొంచెం పక్కకి జరిపి, కోడిపెట్ట చూసినట్టు తల ఓరగా పెట్టి చూసింది. "ఇలా అయితే కొంచెం తెలుస్తోంది," అంది.

మా ఇంట్లో అక్క చదివినంత ఎవరూ చదవలేదు. తల ఆరబెట్టుకుంటూ చదివేది, పప్పు కడుగుతూ పక్కన పుస్తకం తెరిచిపెట్టుకుని చదివేది. మరమరాల పొట్లం విప్పితే మరమరాలు మాకు, కాగితం తనకి. ఆ కాగితం మీద సగంలో తెగిపోయిన కథకి మిగతా సగం తనే కల్పించి నాకు చెప్పేది. పెళ్ళిచూపుల్లో బావ ఏమైనా అడగాలనుకుంటే అడగమంటే, "అవనిగడ్డలో అద్దె పుస్తకాల షాపు ఉందాండీ?" అని అడిగింది. లేదన్నాడు. లేకపోతే తనే తెప్పిస్తానన్నాడు. తెప్పించాడు కూడా. అతనికి అవనిగడ్డలో కేబుల్ టీవీ వ్యాపారం. పెళ్ళిళ్ళకి వీడియో తీసే పని కూడా ఉండేది. క్యాసెట్ల కోసం విజయవాడ వెళ్ళినప్పుడల్లా ఓ సంచీడు నవలలు తెచ్చేవాడు.

ముందు బందరులోనే కళ్ళద్దాల షాపుకి వెళ్ళాం. ఎన్ని అద్దాలు మార్చి చూసినా అక్క "అదేనండీ, అలాగే ఉందండీ" అంటోంది. చివరికి షాపాయన ఫ్రేము తీసి బల్ల మీద పెట్టి, "ఇది అద్దాలతో పోయేది కాదమ్మా, పెద్ద డాక్టరుకి చూపించండి," అన్నాడు.

విజయవాడలో చూసిన కంటి డాక్టరు పెద్దాయన. ఊరు అవనిగడ్డ అని చెప్పగానే మీకు చెప్పడం తేలికేనన్నారు. "నారుమడిలో నారు ఎలా ఉంటుంది? వేలు దూరనంత ఒత్తుగా. నాట్లేసిన చేలో? పలచగా, ఎడం ఎడంగా. మన కంటి వెనకాల తెర కూడా అంతేనమ్మా. వెలుగుని పట్టే కణాలు మధ్యలో నారుమడిలా ఒత్తుగా ఉంటాయి. చుట్టూ పలచగా ఉంటాయి. చదవడం, మనిషి మొహం పోల్చుకోవడం, సూదిలో దారం ఎక్కించడం, ఇవన్నీ ఆ మధ్య ముక్కతోనే. ఈ అమ్మాయికి ఆ ముక్క ఎండిపోతోంది."

"మళ్ళీ మొలవదాండీ?" అన్నాడు బావ.

"మొలవదు బాబూ. పుట్టుకతో వచ్చిన లోపం, ఇప్పుడు బయటపడింది. కానీ చుట్టూ ఉన్నది పోదు. గుడ్డితనం రాదు. నడుస్తుంది, వండుకుంటుంది, తన పని తను చేసుకుంటుంది."

"చదవడం?" అంది అక్క.

డాక్టరుగారు తన వైపు తిరిగారు. "అక్షరం బాగా పెద్దదైతే చదవచ్చమ్మా. అంచు చూపుతో. అంచులో కణాలు తక్కువ కదా, చిన్న అక్షరం వాటికి అందదు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. బస్సు ఉయ్యూరు దాటింది. తర్వాత తనే, "బాగా పెద్దదంటే ఎంతో అడగాల్సింది," అంది.

ఆ ఏడే నాకు గుడివాడలో ఉద్యోగం దొరికింది. ఏలూరు రోడ్డు వైపు ఒక డీటీపీ సెంటరు. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ ప్రశ్నపత్రాలు కంప్యూటర్లో కూర్చడం నా పని. ఆదివారం సెలవు. పొద్దున్నే పామర్రు, చల్లపల్లి మీదుగా బస్సెక్కి అవనిగడ్డ వెళ్ళేదాన్ని. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటుతుంటే నా సంచీలో పుస్తకాలు ఒకసారి తడిమి చూసుకునేదాన్ని. అన్నాలయ్యాక బావ కేబుల్ ఆఫీసుకి వెళ్ళిపోయేవాడు. అక్క చాప పరిచి, తలగడ రెండుగా మడిచి దాని మీద మోచెయ్యి ఆనించుకుని, "ఊ, కానీ," అనేది. నేను పైకి చదివేదాన్ని.

టీ వేళ దాకా చదివేదాన్ని. గొంతు రాసుకుపోతే పటికబెల్లం ముక్క నోట్లో పడేసేది. మధ్యమధ్య ఆపి పోట్లాడేది. "వాడు అలా అనడే. వాడి స్వభావం అది కాదు," అని నన్ను నిలదీసేది, నేనే రాసినట్టు. కథానాయకుడు మరీ దగ్గరికొచ్చే ఘట్టాల్లో నేను సిగ్గుపడి రెండు మూడు లైన్లు మింగేస్తే ఇట్టే పట్టేసేది. "నిన్న గదిలోకి వచ్చినవాడు పొద్దున్నే సైకిలెక్కాడేంటి? మధ్యలో ఏమైంది?" అనేది. ఇద్దరం కడుపుబ్బా నవ్వేవాళ్ళం. నా జీవితంలో ఆ మధ్యాహ్నాలంత నిండుగా ఉన్నవి మరి లేవు. గుడివాడలో వారమంతా శుభలేఖల మీద ఎవరెవరి పేర్లో కూరుస్తూ ఆదివారం కోసం ఎదురుచూసేదాన్ని.

తనకి కూడా అవే చాలనుకున్నాను.

ఒక ఆదివారం పుస్తకం మూసేశాక, "నీకు చెప్పకూడదనుకున్నానే," అంది అక్క. "నువ్వు చదువుతుంటే బాగుంటుంది. కానీ నీ గొంతు వినిపిస్తూ ఉంటుంది. నేను చదువుకునేటప్పుడు ఎవరి గొంతూ ఉండేది కాదు. నాదీ ఉండేది కాదు. ఆ కథలో వాళ్ళే ఉండేవాళ్ళు. మళ్ళీ ఒక్కసారి అలా చదవాలనుందే."

ఆ మాట బావకి చెప్పాను. చెప్పకపోయినా అతనికి తెలుసనుకుంటా. ఎందుకంటే మరుసటి వారానికే అరచెయ్యంత భూతద్దం ఒకటి తెచ్చి ఉంచాడు. భూతద్దంతో రెండు చిక్కులొచ్చాయి. కాగితానికి దగ్గరగా పెడితే అక్షరం చాలినంత పెరగదు, ఎత్తితే చుట్టూ వంకరపోతుంది. పైగా అక్క తల ఓరగా పెట్టాలి, ఆ తల నీడే పేజీ మీద పడుతుంది. పది నిమిషాలకి మెడ పట్టేసేది.

అప్పుడు బావకి ఇంకో ఆలోచన వచ్చింది. పెళ్ళిళ్ళకి వాడే వీడియో కెమెరా తెచ్చి, ముక్కాలి స్టాండుకి తలకిందులుగా బిగించి, కింద పుస్తకం పెట్టాడు. కెమెరా వైరు తీసి టీవీకి కలిపాడు. టీవీలో పేజీ కనబడింది. జూమ్ నొక్కితే అక్షరాలు పెద్దవయ్యాయి.

"చదువు చూద్దాం," అన్నాడు, చేతులు కట్టుకుని నిలబడి.

అక్క టీవీకి జానెడు దూరంలో కూర్చుని తల వంచింది. మెల్లగా చదివింది. "పాడి... ముఖం... చూడాలని... పించింది."

"పాడి ముఖమా? గేదె ముఖం చూడాలనిపించిందా ఆ పిల్లకి?" అన్నాడు బావ.

నేను పుస్తకంలోకి వంగి చూశాను. "వాడి ముఖం" అని ఉంది. టీవీ వైపు చూస్తే నాకూ అది పానో వానో తెలియలేదు. తలకట్టు అక్షరాన్ని అంటిందో లేదో తేలట్లేదు. ఆ కింది లైనులో థకి పొట్టలో చుక్క లేదు. ఒత్తులన్నీ బూజులా అక్షరాల కింద వేలాడుతున్నాయి. అక్క ఇంకో రెండు లైన్లు ప్రయత్నించి, గేదె మాటకి తనూ నవ్వుతూ లేచింది గానీ, లోపలికెళ్ళి చాలాసేపు రాలేదు.

బావ ఓడిపోయే మనిషి కాదు. తెలిసిన షాపులో అడిగి ఊళ్ళోకెల్లా పెద్ద టీవీ ఇంటికి తెప్పించాడు. నలుగురు పట్టి దింపారు. అక్షరం బెత్తెడు పొడుగైంది. అయినా వా పాలాగే ఉంది. బెత్తెడు పొడుగున మసక కూడా పెరిగింది, అంతే.

"ఇంత పెద్ద టీవీలో కూడా ఇంతేనా?" అని రిమోట్ పక్కన పడేశాడు.

ఆ బాధ నాకు ఆఫీసులో రోజూ ఉన్నదే. మా కంప్యూటరు తెర అడ్డంగా ఆరువందల నలభై చుక్కలు, నిలువుగా నాలుగువందల ఎనభై. మొత్తం మూడు లక్షల చిల్లర. వాటిని పిక్సెల్స్ అనేవారు మా ఓనరుగారు. మామూలు సైజులో తెలుగు అక్షరం తెర మీద పది పన్నెండు చుక్కల ఎత్తులో పడేది. ఇంగ్లీషు అక్షరానికి ఆ పన్నెండు చాలు. మనకి తలకట్టు, గుడి, సుడి, కింద ఒత్తు, పొట్టలో చుక్క, ఇన్ని పట్టాలి. పట్టవు. అందుకే తెర మీద తప్పులు దిద్దేవాళ్ళం కాదు. ప్రింటు తీసి, కాగితం మీద దిద్దేవాళ్ళం. ప్రింటరు అంగుళానికి మూడు వందల చుక్కలు వేసేది కాబట్టి కాగితం మీద ఒత్తులు నిలిచేవి.

"బావా, టీవీ ఎంత పెద్దదైనా దాన్లో చుక్కలు అవేనండీ," అన్నాను. "చిన్న టీవీలో ఎన్ని గీతలో పెద్ద టీవీలో కూడా అన్నే. ఒక్కో చుక్క లావెక్కింది గానీ, చుక్కలు పెరగలేదు."

"మరెలా పెరుగుతాయి?"

"ఒక్కో అక్షరానికి ఎక్కువ చుక్కలు దొరకాలి. టీవీలో పెరగవు. ముందు కెమెరా పట్టుకోవాలి, అంతకుముందు లెన్సు అందియ్యాలి. ఈ మూడింట్లో ఏది తక్కువైతే మనకి దక్కేది అంతే."

అతను వెంటనే లేచి బజారుకెళ్ళాడు. ఫోటో స్టూడియోలో పువ్వుల్నీ నగల్నీ దగ్గరగా తియ్యడానికి వాడే లెన్సు ఒకటి అడిగి తెచ్చి కెమెరా ముందు తగిలించాడు. కెమెరాని పుస్తకానికి బాగా దగ్గరకి దించాం. ఈసారి వా వాలాగే వచ్చింది. థలో చుక్క గుండ్రంగా కనబడింది. బావ ఈల వేశాడు.

కానీ తెర మొత్తం మీద మూడక్షరాలే పట్టాయి. అక్క "వాడిము" అని చదివేది. బావ పుస్తకం జరిపేవాడు. "ఖంచూడా" అనేది. మళ్ళీ జరిపేవాడు. ఒక వాక్యం పూర్తయ్యేసరికి మొదలు ఏమిటో మర్చిపోయేది. అరగంట తర్వాత కళ్ళు మూసుకుని, "అక్షరాలు కనిపిస్తున్నాయండీ. మాట కనిపించట్లేదు," అంది.

అక్షరానికి చాలినన్ని చుక్కలిస్తే వాక్యానికి మిగలట్లేదు. వాక్యానికిస్తే అక్షరం చెడుతోంది. ఆ టీవీకి ఉన్నవే అన్ని. బావ స్టాండు మరలు విప్పాడు. ఆ కెమెరా మళ్ళీ పెళ్ళిళ్ళకి వెళ్ళిపోయింది.

తర్వాత కొన్నేళ్ళు నేనే చదివాను. గుడివాడలోనే నాకు పెళ్ళయింది. మా వారిది ఎరువుల షాపు. ఆదివారాలు మునుపట్లా కుదిరేవి కావు. నెలకోసారి, పండగలొస్తే అదీ లేదు. వెళ్ళినప్పుడు మాత్రం చాప పరిచే ఉండేది. కిందటిసారి ఎక్కడ ఆపామో ఆ పేజీలో కొబ్బరీనె పెట్టి ఉండేది. నెలరోజులు ఆ కథ అక్కడే ఆగిపోయి ఉండేదన్నమాట. బస్సు పులిగడ్డ చేరేటప్పటికి నాకు అదే గుర్తొచ్చేది. ఆ కథలో మనుషులు ఒకరి ఎదురుగా ఒకరు నిలబడి, నోట్లో మాట నోట్లోనే ఉంచుకుని, నా కోసం చూస్తున్నట్టుండేది. మా అక్కయినా అంతే కదా.

రెండువేలు దాటాక మా ఆఫీసు మారిపోయింది. సినిమా వాల్‌పోస్టర్లంత ఫ్లెక్సీలు చెయ్యడం మొదలెట్టారు. వాటి కోసం ఓనరుగారు పెద్ద మానిటరు కొన్నారు. ఇరవై ఒక్క అంగుళాలది, వెనక పొడుగాటి డొప్పతో. దాన్ని మొదటిసారి వెలిగించి, తెర అమరికలో చివరి మెట్టు దాకా పెంచితే అడ్డంగా పదహారు వందలు, నిలువుగా పన్నెండు వందలు చూపించింది. నేను కాగితం మీద గుణించి చూశాను. పంతొమ్మిది లక్షల ఇరవై వేలు. మూడు లక్షల నుంచి పంతొమ్మిది లక్షలకి! ఒక శుభలేఖ తెరిచాను. ప్రింటు తీయకుండానే "శ్రీరస్తు"లో ఒత్తు, దాని కొస దగ్గర సన్నటి వంపుతో సహా కనబడింది. ఆ వంపు చూస్తూ కూర్చుండిపోయాను. ఆ రోజు నాకు పని సాగలేదు.

రెండు మూడేళ్ళకి పలకల్లాంటి పలచటి మానిటర్లు వచ్చాయి. ఓనరుగారు అవి తెప్పించి, దీన్ని వరండాలో పెట్టించారు. "ఇది బల్లంతా తినేస్తోందమ్మా. ఎవరైనా పట్టుకుపోతే బాగుణ్ణు," అన్నారు.

"నేను పట్టుకుపోతానండీ."

"నువ్వా? మొయ్యగలవా?"

"మా బావ మోస్తాడండీ."

బావ వ్యానేసుకుని మర్నాడే వచ్చాడు. మానిటరుని బొంతలో చుట్టి, నేను వెనకాల కూర్చుని రెండు చేతులతో పట్టుకుంటే, చల్లపల్లి దాకా గుంటలు తప్పిస్తూ నడిపాడు. కేబుల్ ఆఫీసులోని కంప్యూటరు, నేను గుడివాడలో చూసి కొనిపెట్టిన స్కానరు, రెండూ ముందు గదిలోకి చేరాయి. ఈసారి కెమెరా లేదు. పుస్తకం పేజీని స్కానరు మీద బోర్లించి, అంగుళానికి ఆరువందల చుక్కల చొప్పున పట్టించాను. పెంచితే చెదరకుండా ఉండాలని అన్ని. తెర మీద ఒక్కో అక్షరానికి డెబ్బై చుక్కల వెడల్పు వచ్చేలా పెంచాను. ఇరవై పైచిలుకు అక్షరాలు పట్టాయి. అంటే ఒక లైనులో సగం పైనే. ఒకదాని కింద ఒకటి లైన్లు కూడా వచ్చాయి.

"తెలుపు కళ్ళలో పొడుస్తోందే," అంది అక్క.

తెల్ల కాగితాన్ని నల్లగా, నల్ల అక్షరాల్ని తెల్లగా తిప్పేశాను. నల్లటి తెర మీద తెల్లటి తెలుగు.

అక్క కుర్చీ ముందుకి లాక్కుంది. తల అటూ ఇటూ తిప్పి తన చూపుకి కుదిరే చోటు వెతుక్కుంది. తెరకి ఎగువన, కుడిపక్క మూల వైపు చూస్తే కింద లైను దొరుకుతోందట. అలా మూలకి చూస్తూ, పెదాలు కదుపుతూ కాసేపు ఉండిపోయింది. బావా నేనూ వెనకాల నిలబడ్డాం. పైకి చదువుతుందని ఎదురుచూస్తున్నాం. ఆ పెదాలు కదలడం కూడా ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు బావ.

"మీరిద్దరూ కాసేపు బయటికెళ్ళండి," అంది అక్క.

అరుగు మీదకొచ్చి కూర్చున్నాం. లోపల మౌసు చప్పుడు. చాలాసేపటికి ఒకటి, మళ్ళీ చాలాసేపటికి ఒకటి. బావ మెడలో తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. వీధిలో ఎవరో, "ఏం బావా, మా వీధికి సిగ్నల్ రావట్లేదు," అని అరిస్తే, "రేపు, రేపు చూస్తాలే," అని చెయ్యి ఊపాడు. తర్వాత నా వైపు తిరిగి గుసగుసగా, "నవ్వుతోంది. విన్నావా?" అన్నాడు. విన్నాను. లోపల అక్క ఒక్కతే నవ్వుతోంది. ఎందుకో మాకు తెలియదు. ఏ పేజీలో ఉందో, ఎవరేమన్నారో.

ఆ నవ్వు విని నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ సంతోషంలోనే ఎక్కడో కలుక్కుమంది.

అప్పట్నించి బావ పొద్దున్నే కేబుల్ ఆఫీసుకి వెళ్ళేముందు ఆ రోజుకి సరిపడా పేజీలు స్కాన్ చేసి పెట్టి వెళ్ళేవాడు. పుస్తకం నడుం విరగకుండా, ఒక్కో పేజీ అరచేత్తో అదిమి. సాయంత్రం వచ్చేసరికి అక్క అవి పూర్తి చేసేది. మెల్లగానే చదివేది. మునుపు ఒక పూటలో ముగించే నవల ఇప్పుడు రెండు వారాలు. కళ్ళు నీళ్ళు కారేవి, మెడ నొప్పి ఉండనే ఉంది. అయినా ఎవరినీ అడగక్కర్లేదు.

ఆ తర్వాత ఓసారి నేను వెళ్ళినప్పుడు బావ కొత్త డిజిటల్ కెమెరా చూపించాడు. ముప్పై లక్షల చుక్కలు పడుతుందట. "మీ తెరకి కావలసిన దానికంటే ఎక్కువేనండి బావా," అన్నాను. "అయితే కూర్చో మరదలా, నీ మొహంతోనే బోణీ," అని గుమ్మం దగ్గర వెలుతురులో నన్ను కూర్చోబెట్టి, మొహం నిండుగా వచ్చేలా తీశాడు. కంప్యూటర్లో వేసి అక్కని పిలిచాడు.

అక్క కుర్చీలో కూర్చుంది. పక్కన ముక్కాలిపీట మీద నేను.

అక్కకి మనిషి మొహం చూడ్డం ఎంత కష్టమో నాకు ఊహలో కూడా అందేది కాదు. నా మొహం మీదకి చూపు తెస్తే మొహం పోతుంది, జుట్టూ భుజాలూ మిగులుతాయి. చెవి పక్కకి చూస్తే మసగ్గా మొహం వస్తుంది. కానీ అలా పక్కకి చూస్తే ఎదుటివాళ్ళు, తమని చూడట్లేదని అటు వెనక్కి తిరిగి చూస్తారు. అందుకని అందరి దగ్గరా తల దించుకోవడం అలవాటు చేసుకుంది. నడకని బట్టీ, గొంతుని బట్టీ పోల్చుకునేది.

ఇప్పుడు తెర మీద నా మొహం జానెడు పైనే ఉంది. కదలకుండా. అక్క మూల వైపు చూస్తూ నా నుదురు దగ్గర మొదలుపెట్టి, లైను చదివినట్టు అటు నుంచి ఇటు చూసింది.

"ముక్కుపుడక ఎప్పుడు మార్చావే?"

"మూడేళ్ళయింది."

"నాకు చెప్పలేదేం?"

కనిపిస్తూనే ఉంటుందనుకున్నాను.

ఇంకా పెంచమంది. పెంచాను. అంత పెంచినా మొహం చెదరలేదు. కనుబొమ్మల్లో వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయి. "ఈ కళ్ళ కింద నలుపేంటి? ఇది లేదే నీకు." ఆఫీసులో కూర్చుని కూర్చుని, అన్నాను. "పాపిట్లో తెల్లవెంట్రుక కూడానా?" అంది. తెర మీద ఆ వెంట్రుక ఉన్న చోట వేలు పెట్టింది. "నేను నిన్ను చూసి ఎన్నేళ్ళయిందో తెలుసా? నా లెక్కలో నువ్వింకా కాలేజీకి రెండు జడలేసుకుని వెళ్ళే పిల్లవే. నీ గొంతు వింటున్నప్పుడల్లా ఆ మొహమే పెట్టుకుంటున్నాను. ఇదెవరో పెద్దావిడలా ఉంది." మళ్ళీ నుదురు దాకా చూసి, "బాగుంది లేవే. అమ్మలా ఉంది," అంది.

నేను పక్కనే ఉన్నాను. పీట కొంచెం జరిగితే మోచేతులు తగులుతాయి. ఆ చూపు తెర మీదే ఉంది. అంత సేపు, అంత మురిపెంగా నన్ను చూస్తోంది, కానీ ఆ చూపు నా మీద లేదు. "అక్కా, ఇటు చూడు," అనాలనిపించింది. అంటే చూస్తుంది. చూస్తే నేను ఉండను. అందుకని ఊరుకున్నాను.

నా ఆదివారాలు కూడా మెల్లగా మారిపోయాయి. నేను సంచీలోంచి పుస్తకం తీస్తే, "అది అయిపోయిందే, పోయిన వారమే చదివాను," అనేది. ఎలా ఉందని అడిగితే, "నువ్వు చదువు, నేను చెబితే పాడైపోతుంది," అనేది. చాప మూల నిలబెట్టి ఉండేది. నేను వంటింట్లో పచ్చిమిరపకాయలు తరుగుతూ ముందు గదిలో మౌసు చప్పుడు వినేదాన్ని. బావ ముచ్చటపడి, "చూశావా మరదలా, మనం సాధించాం," అనేవాడు. అవునండీ అనేదాన్ని. గుడివాడలో ఓ మధ్యాహ్నం ఉండబట్టలేక మా వారికి ఒక కథ పైకి చదివి వినిపించాను. మూడో పేజీకి గురక పెట్టారు. ఆయన తప్పేముంది, పొద్దుట్నించీ షాపులో నిలబడి వచ్చిన మనిషి.

కిందటి వేసవికి ముందు వేసవిలో అనుకుంటాను, అక్క దగ్గరికి వెళ్ళిన రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీయస్ బ్యాటరీ పాతబడి, రెండుసార్లు కూత పెట్టి ఆగిపోయింది. తెర ఆరిపోయింది. అక్క నవలలో ఆఖరి పేజీలకొచ్చి ఉంది. పుస్తకం స్కానరు పక్కనే ఉంది. బావ పేజీ గుర్తుగా పెట్టిన పుల్ల కూడా ఉంది.

విసనకర్ర తీసుకుని తన పక్కన కూర్చున్నాను. ఇద్దరికీ విసిరాను. ఎంతసేపైనా కరెంటు రాలేదు.

"చదవనా?" అన్నాను. నా చెయ్యి అప్పటికే పుస్తకం మీద ఉంది.

అక్క ఆరిపోయిన తెర వైపే తల తిప్పి ఉంది. "వద్దులేవే. వచ్చేస్తుంది," అంది. "ఎక్కడున్నానో నాకు గుర్తుంది. నీకు గొంతు నొప్పెందుకు?"

సరేనని పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను. ఊరికే పుల్ల ఉన్న చోట తెరిచాను. కిటికీ దగ్గర వెలుతురు బాగానే ఉంది. ఒక పేరా చదివాను, రెండో పేరా చదివాను.

"ఏయ్, పెదాలు కదుపుతున్నావు నువ్వు," అంది అక్క. "నాకు చప్పుడు తెలుస్తోంది. నాకంటే ముందుకెళ్ళిపోకు."

"లేదులే," అన్నాను. పుస్తకం మూసేశాను. విసనకర్ర తన వైపు ఇంకొంచెం తిప్పి విసురుతూ, కరెంటు కోసం ఇద్దరం ఎదురుచూస్తూ కూర్చున్నాం.